అఞ్ఞేసమ్మ నేర్పిన పాట

కాదు, వెస్లీ సార్ ఆ మాట అన్నంక కాదు, అనేముందే నేను లేవవలసి ఉండె. ఆయన ఏం అనబోతున్నడో నాకు తెలుసు. ఇంకొకరిని తీసి పక్కన పెట్టబోయే మనిషి ముందుగా ఒకసారి కండ్లద్దాలు తుడుచుకుంటడు. ఆయన తుడుచుకున్నడు, నేను చూసిన. చూసి, చేతిల ఉన్న కాయితం మూల మడతపెట్టి, విప్పి, మళ్ళ మడతపెట్టిన. కోర్టు కాపీయింగ్ సెక్షన్ల పన్నెండేండ్లుగ నా పని అదే. ఎవరో అన్నదాన్ని ఒక్క అక్షరం మార్చకుండ దించడం. తీర్పు న్యాయమా కాదా అని నన్నెవరూ అడుగరు. అడుగకపోవడం నాకు సుఖంగ అలవాటైంది.

"ఇకనుంచి తెలుగు పేపర్లు వద్దండి," అన్నడు వెస్లీ సార్. "ఒరిజినల్ షీట్ చదివి పాడగలిగినవాళ్ళే క్వయర్‌లో నిలబడతారు. ఇది మామూలు ఆదివారం ప్రార్థన కాదు. ఇంటర్నేషనల్ గెస్టులు వస్తున్నారు."

అది మార్చి మొదటి ఆదివారం. నయాపూల్ దాటి లోపలికొస్తే మా గల్లీ, గల్లీల చర్చి, చర్చిని ఆనుకొని దవాఖాన. ఆ చిన్న దవాఖానకు నూరేండ్లు నిండుతున్నయి. దాన్ని పెట్టింది ఇటలీ నుంచి వచ్చిన సిస్టర్లు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం అక్కడి మఠం నుంచి నలుగురు వస్తరని, ఒకప్పుడు దవాఖానల పొద్దున పొద్దున పాడిన ఇటాలియన్ పాటనే వాళ్ళ ముందు పాడాలని ఫాదర్ అన్నడు. పాట నేర్పడానికి సికింద్రాబాద్ నుంచి వెస్లీ సార్‌ను పిలిపించిండు.

మా క్వయర్‌కు ఒక పద్ధతి ఉంది. ఏ భాష పాటైనా తెలుగు అక్షరాల్లో రాసుకొని పాడుతం. ఇంగ్లీషు క్రిస్మస్ పాటలు, లాటిన్ పాటలు, ఒక ఏడు కొంకణి పాట కూడ. రాసేది నేను, పదో తరగతి చదివేటప్పటి నుంచి. పద్దెనిమిది మందిల ఎనమండుగురు ఆడవాళ్ళకు తెలుగు తప్ప వేరే లిపి రాదు. వాళ్ళల్ల ఒకరు మా అమ్మ నీలమ్మ. ముప్ఫయి తొమ్మిదేండ్లుగ ఆ దవాఖానల ఆయా. ఏ పాటైనా మొదటి లైను ఎత్తుకునేది ఆమే.

పుష్పమ్మ ఊకోలేదు. ఆమె బేగంబజార్ల మిర్చి ఏరే పని చేస్తది. గొంతుల కూడ కొంచెం ఘాటు ఉంటది.

"సార్, వచ్చేటోళ్ళు ఇంగ్లీషోళ్ళా, ఇటలోళ్ళా?"

"ఇటాలియన్స్ అమ్మా."

"మరి గీ ఇంగ్లీషు అచ్చరాలు ఎందుకు?"

"ఆ అక్షరాలు వాళ్ళవేనమ్మా."

"సంతోషం. వాళ్ళయి వాళ్ళకుండనియ్యి, మనయి మనకుండనియ్యి. వాళ్ళు మన పాట ఇనడానికి వస్తుండ్రా, మన కాయితాలు చూడడానికి వస్తుండ్రా?"

వెనక ఎవరో నవ్విండ్రు. వెస్లీ సార్ నవ్వలేదు. షీట్ ఒకటి తీసి అమ్మ చేతికిచ్చిండు. "మీరు సీనియర్ కదా. మీరే చదవండి, మొదటి లైను."

అమ్మ తీసుకుంది. మందుల సీసాల మీది పేర్లు ఆమె చూపుతో గుర్తుపడతది, కాని అది చదువడం కాదు, మొహాలు గుర్తుపట్టడం లాంటిది. కాసేపు చూసింది. 

"గిది చదువరాదు సార్. పాట వస్తది."

"పాట అందరికీ వస్తుందమ్మా," అన్నడాయన. మర్యాదగనే అన్నడు. మర్యాద ఉంటే మనం ఏం చేస్తున్నమో మనకే కనబడదు. తర్వాత నా వైపు తిరిగిండు. "డానియేల్, పేపర్లు రాసేది మీరే కదా. మీరేమంటారు?"

మిగతా అందరూ నన్ను చూసిండ్రు. అమ్మ చూడలేదు. ఆమె షీట్‌ను నాలుగు అంచులు సమానంగ పట్టుకొని తిరిగి ఇచ్చేస్తున్నది.

"మీ ఇష్టం సార్," అన్న.

మూడు మాటలు. ఆ మూడింటి మీద ఆ ఎండాకాలమంతా నాకు కోపం వచ్చింది. ముందు ఆయన మీద వచ్చింది. అది తేలిక కోపం, మనిషికి కొంచెం అందం కూడ ఇస్తది. బస్సుల నిలబడి, సెక్షన్ల ఫైళ్ళు కుట్టుకుంట, ఆయనకు మస్తు గట్టి జవాబులు చెప్పిన. దవాఖాన పండుగల దవాఖాన ఆయా పాడవద్దా అని అడిగిన. ఆ పాటను దాని సొంతదార్ల నోటి నుంచి విన్న మనిషి ఈ చర్చిల ఒక్కతే ఉంది, ఆమెనే లేపి పంపుతరా అని అడిగిన. నా తలకాయలో వెస్లీ సార్ ఎన్నిసార్లు తల వంచుకున్నడో లెక్క లేదు. బయట మాత్రం ఆ ఎనమండుగురు వెనక బెంచిల కూసుంటే, నేను రిహార్సల్‌కు టైముకు పోయి మగవాళ్ళ వరుసల నిలబడి పాడిన.

*

బాపు పోయినంక ఇంట్ల మేం ముగ్గురం. అమ్మ, నేను, చెల్లె వీణ. వీణ ఇంగ్లీషు మీడియం చదివింది, ఇన్సూరెన్స్ కంపెనీల ఫోన్లు మాట్లాడే ఉద్యోగం. అమ్మ తీసే మొదటి లైను ఇప్పుడు వీణకు ఇచ్చిండ్రు.

అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి, "పప్పు వేడి చెయ్యాల్నా?" అని అడిగింది. అన్నం పెట్టింది. తెల్లారి పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు పాట వినరాలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ పాట మా ఇంట్ల రోజూ ఉండేదని. గడియారం ఆగినప్పుడే గదా దాని చప్పుడు తెలిసేది. నాకు బుద్ధి తెలిసినకాడి నుంచి చీపురు చప్పుడు మీద ఆ ఇటాలియన్ పాట నడుస్తుండె. మేం దాన్ని పాట అనుకోలేదు, అమ్మ అలవాటు అనుకున్నం.

ఒక సాయంత్రం వీణ అద్దం ముందు నిలబడి మొదటి లైను సాధన చేస్తున్నది, 'ప్రతి పొద్దున' అనే మాట. "ఓగ్ని మటీనా... ఓగ్ని మటీనా..."

వంటింట్లకెల్లి అమ్మ మెల్లగ, మనల్ని కాదన్నట్టు, అన్నది. "ఓఞ్ఞి మత్తీన."

"అమ్మా, ఇందుల 'జి' ఉంది. నాకు కనబడుతుంది."

"ఉండనియ్యి బిడ్డా. ఉంటది గాని గట్ల పలుకరు."

"ఎవరు చెప్పిండ్రు?"

"అఞ్ఞేసమ్మ."

వీణ నా వైపు చూసి నవ్వింది. నేను నవ్వలేదని ఇప్పుడు రాయాలని ఉంది. నవ్విన. ఆ పేరు మా ఇంట్ల పాత నవ్వులాట. దవాఖానల అమ్మకు పని నేర్పిన సిస్టర్ పేరు ఆగ్నెస్. నేను మూడో తరగతిల ఉన్నప్పుడు ఆమె ఇటలీకి తిరిగిపోయింది. దవాఖాన గోడకున్న ఆమె ఫొటో కింద కూడ అదే పేరుంది, ఇంగ్లీషుల. అమ్మ మాత్రం ఎన్నడూ ఆ పేరు సరిగ అనలేదు, ముక్కుతోటి 'అఞ్ఞేసమ్మ' అంటది. బడికి పోయినంక నేను ఎన్నిసార్లు దిద్దిన్నో! "ఆగ్నెస్, అమ్మా. గ్. నె. స్." ఆమె "ఆ, ఆ, గదే" అని మళ్ళ అట్లనే అనేది.

అమ్మ బిందె తీసుకొని బయటికి పోయినంక నేను వీణతోటి అన్న. "నీకు సిగ్గు లేదా? ఆమె లైను నువ్వు తీసుకున్నవు."

"నాతోటి లొల్లి పెట్టుకోకు అన్నా. నువ్వు 'మీ ఇష్టం సార్' అన్నవు. నేను 'సరే సార్' అన్న. మనిద్దరికీ తేడా ఏంది?"

"నీకు ఇంగ్లీషు వచ్చని..."

"ఇంగ్లీషా?" వీణ దువ్వెన కింద పెట్టింది. "చేరిన కొత్తల మూడు నెలలు నా మాటలు రికార్డు చేసి అందరి ముందు వినిపించిండ్రు. నేను 'స్కూల్' అంటే ముందు ఒక 'ఇ' వస్తుండె. ఆ 'ఇ' వినబడినప్పుడల్ల నవ్వేటోళ్ళు. నేనూ నవ్విన, వాళ్ళతోటి కలిసి. గా నవ్వు ఎట్లుంటదో నీకు తెల్వదు. అమ్మకు గది కావొద్దు. ఆమె వెనక బెంచిల కూసుంటేనే మంచిది."

 నా కోపం చానా శుభ్రమైనదని అనుకున్న అప్పటిదాకా. ఆమెది ఎంత ముడుచుకున్నదో, ఎన్ని రోజులుగ అద్దం ముందు నిలబడి నోరు మూసుకున్నదో చూసినంక నాది బట్టల మీద చల్లుకున్న అత్తరు లెక్క అనిపించింది.

*

ఏప్రిల్ రెండో వారం వెస్లీ సార్ ఫోన్ చేసిండు. మా పాట రికార్డు చేసి ఆ మఠానికి పంపిండట. అటు నుంచి జవాబు వచ్చింది. పాట చాలా భక్తిగా ఉంది, ఏ భాషలో పాడుతున్నారు?

"కొంచెం ఎంబరాసింగ్‌గా ఉంది," అన్నడు. "డానియేల్, మీకు ఓపిగ్గా రాసే అలవాటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇటాలియన్ ఉచ్చారణ నియమాలు ఒక పేజీలో తయారు చేయగలరా? అందరికీ ప్రింట్ ఇద్దాం."

సంతోషం అయింది నాకు. దాచను. నన్ను అడిగిండని సంతోషం. ఆ సంతోషం వచ్చిన తీరు చూసి ఆశ్చర్యం కూడ అయింది. కుక్క తోక ఊపేముందు కోపాన్ని అడుగదు.

మరునాడు అన్నం బెల్లు కొట్టినంక, సెక్షన్ల ఫైళ్ళ మధ్య కూసొని, ఫోన్ల వెతికి, కొత్తవాళ్ళ కోసం రాసిన నియమాలు ఒకటొకటి పెన్సిలుతో తెలుగుల రాసుకున్న. రాసిందంతా పలకాలె, చివరి అచ్చును మింగకూడదు. అది చదివి, మా అమ్మ ఏ మాట చివరనూ మింగదు గదా అనుకున్న. జంటగా వచ్చిన హల్లును ఒత్తి, దాని మీద ఒక క్షణం ఆగాలె. మత్తీన. తల ఎత్తి గోడ చూసిన. 't', 'd' పలికేటప్పుడు నాలుక పైపండ్లకు తగలాలె, ఇంగ్లీషు లెక్క వెనక్కి మడువకూడదు. అంటే మన త, మన ద. 'c' తర్వాత 'e' గాని 'i' గాని వస్తే చ. పాటల ఉన్న 'పాచె', 'లూచె'. మధ్యల 'h' వస్తే క. వీణ 'చే' అంటున్న మాటను అమ్మ వాకిట్ల 'కె' అని పాడేది. 'z' దగ్గర ఏదో పొడుగు వివరణ ఉంది, నాలుక ఎక్కడ పెట్టాల్నో, గాలి ఎట్ల వదలాల్నో. నాకు ఆ వివరణ అక్కరలేకపోయింది. అమ్మ 'ఇగ చాలు' అన్నప్పుడు పండ్ల సందుల నుంచి వచ్చే చప్పుడే అది. గ్రాత్సియె, అంటే వందనాలు.

తర్వాత 'gn'. రెండు అక్షరాలు కలిసి ఒకే చప్పుడు, నాలుక మధ్యభాగం అంగిలికి ఆనించి ముక్కుతో పలకాలె. ఇంగ్లీషుల దీనికి అక్షరం లేదు అని రాసి ఉంది. నేను రాయబోయి ఆగిన. మనకుంది. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఇంక దీనితోటి ఏం పని అని వదిలేసిన అక్షరం. ఞ.

ఆ సిస్టర్ పేరు ఇటలీల ఎట్ల రాస్తరో, ఎట్ల పలుకుతరో వెతికిన. అదే 'gn'. అమ్మ పలికినట్టే, అఞ్ఞేస.

ఎదురు బల్ల మీద వైకుంఠం డబ్బా మూత పెట్టుకుంట, "ఏంది డానియేలూ, గట్లైనవు? ఇంటి నుంచి ఫోనా?" అన్నడు.

"ఏం లేదన్నా."

ఇరవై ఎనిమిదేండ్లు. ఒక మనిషి తనకు పని నేర్పిన మనిషి పేరును సరిగ్గ పలుకుతుంటే, చదువుకున్న కొడుకు రోజూ ఆపి తప్పు నేర్పిండు. ఆమె 'ఆ, ఆ, గదే' అని నా చదువును కాపాడింది, పేరును కూడ కాపాడుకుంది.

ఆ సాయంత్రం అమ్మ గడప దగ్గర కూసొని బెండకాయలు కోస్తున్నది.

"అమ్మా, దవాఖాన పాట పాడు ఒకసారి."

"ఎందుకురా? మమ్మల్ని బంద్ చేసిండ్రు గదా."

"నాకోసం."

కత్తిపీట ఆపకుండనే పాడింది. నేను ఒడిల కాయితం పెట్టుకొని ఒక్కో నియమం పక్కన టిక్కు పెట్టిన. ఒక్కటి తప్పలేదు. పాట అయినంక అడిగింది, "ఏం రాసినవురా?"

"నువ్వు పాడిందే."

"మంచిగుందా?"

"మంచిగుంది."

అక్కడ నేను ఆమెకు క్షమాపణ చెప్పవలసి ఉండె. చెప్పలేదు. చెపితే ఆమె ఏడుస్తదేమోనని అనుకున్న. అబద్ధం. నేను ఏడుస్తనేమోనని.

*

ఆదివారం రిహార్సల్‌ల నా పేజీ అందరి చేతుల్లో ఉంది. పైన 'ఇటాలియన్ ఉచ్చారణ: మొదటి పాఠం', కింద నా పేరు. వెస్లీ సార్ అన్యాయం ఏమీ చేయలేదు, నా పేరు పెద్ద అక్షరాల్లో వేయించిండు. "మన డానియేల్ గారి రీసెర్చ్" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. నా చెవులు వెచ్చబడ్డయి, ఆ వెచ్చదనం బాగుండె. వెనక బెంచిల అమ్మ కూడ చప్పట్లు కొడుతున్నది, పక్కనున్న పుష్పమ్మ మోచేతిని పొడిచి, "మా వాడు" అంటున్నది.

పుష్పమ్మ చప్పట్లు కొట్టలేదు. నన్నే చూస్తున్నది.

ఇది మా అమ్మ నోరు సార్, నేను గుమాస్తాను, దించిన అంతే. ఈ మాట చప్పట్లు ఆగినంక చెప్పుత అనుకున్న. ఆగినంక పాట మొదలైంది.

నియమాలు చదివితే నాలుక మారదు. ఆ రెండు వారాలు అది రుజువైంది. 'ఞ' దగ్గరికి వచ్చేసరికి ఒకరు 'గ్న' అన్నరు, ఒకరు 'న్య' అన్నరు, ఒకరు నోరు ఊరికె కదిలించిండ్రు. జంట హల్లు దగ్గర అందరూ ఒక్కోచోట ఆగిండ్రు, మెట్ల మీద జారిన మనుషుల లెక్క. వీణ గొంతు మంచిదే. కాని మొదటి లైనుల ఆమె భయపడుతున్నదని నాకు తెలుస్తుండె. అది ఆఫీసుల నేర్చుకున్న భయం, నోరు తెరవకముందే తప్పు వెతికే భయం.

పండుగ ముందు రోజు, శనివారం, పగలు మూడు గంటలకు ఆఖరి రిహార్సల్. నాలుగోసారి ఆపినంక వెస్లీ సార్ నన్ను పక్కకు పిలిచిండు.

"మీ అమ్మగారికి ఈ సౌండ్స్ అన్నీ కరెక్ట్‌గా వస్తాయట కదా. వీణ చెప్పింది. ఇంటికి వెళ్ళి ఫోన్‌లో రికార్డ్ చేసి గ్రూప్‌లో పెట్టండి. అందరూ విని సరిచేసుకుంటారు."

"ఇల్లు గల్లీ చివరనే సార్. ఆమెనే పిలుస్తే అయిపోతది."

"పిలిస్తే మిగతా ఏడుగురూ అడుగుతారు. రేపు వరుసలు, చీరలు అన్నీ సెట్ అయిపోయాయి." భుజం మీద చెయ్యి వేసిండు. "మనకు సౌండ్ చాలు డానియేల్."

చర్చి వాకిట్ల వీణ నన్ను ఆపింది. ఆమె కండ్లు ఎర్రగ ఉన్నయి. "పిలుస్తరనుకొని చెప్పిన అన్నా. ఒట్టు. పిలుస్తరనుకున్న."

"తెలుసు," అన్న.

*

అమ్మ ఇంట్ల రేపటి కోసం పెద్ద గిన్నెలు తోముతున్నది. పండుగకు వచ్చేటోళ్ళకు షర్బత్ ఇచ్చే పని ఆమెకు పెట్టిండ్రు. విషయం చెప్పిన. వెంటనే చేతులు కడుక్కుంది. కొంగు తల మీదికి లాక్కుంది. స్టూలు మీద నిటారుగ కూసుంది, ఫొటో దిగేటప్పటి లెక్క. గొంతు సవరించుకుంది.

"నోరు ఎంత దగ్గర పెట్టాలె?"

ఆమె మొహంల సంతోషం ఉంది. అవమానం ఏమన్న ఉందేమోనని నేను వెతికిన, ఉంటే నాకు తేలికయ్యేది. లేదు. పాట అడిగిండ్రు, అది చాలు ఆమెకు.  మనిషిని వెనక బెంచిల కూసోబెట్టి గొంతును మాత్రం కోసుకొచ్చి ఇయ్యమన్నరు, ఆ కోసే చెయ్యి నాది. రెండు నెలలుగ నేను వెస్లీ సార్‌కు చెప్పిన గట్టి జవాబులన్నీ ఆ క్షణంల పనికిరాకుండ పోయినయి. ఎర్ర బొత్తం మీద నా బొటనవేలు ఉంది.

"ఏందిరా, నొక్కినవా?"

"లేదు."

"ఛార్జింగ్ లేదా?"

"ఉంది."

"మరి?"

ఫోన్ జేబుల పెట్టుకున్న. "నడువు అమ్మా. అక్కడనే పాడుదువు."

"సార్ పిలిచిండా?"

పిలిచిండని చెపితే లేచి వస్తది. ఒక్క మాట. ఆమె ఆ సంతోషంతోనే నడుస్తది గల్లీ పొడుగునా.

"లేదు. పిలువలే."

"మరి పిలువంది ఎట్ల వస్తరా?"

"నేను పిలుస్తున్న."

"నీ మాట ఎవరింటరు?" ఎత్తిపొడుపు కాదు. నిజంగనే అడిగింది.

"ఇనకపోతే నేను కూడ నిలబడ. ఆ కాయితం మీది నుంచి నా పేరు కొట్టేయమంట. అది నీ నోరు, నాది కాదు. అందరి ముందు చెప్పుత."

అమ్మ నన్ను కాసేపు చూసింది, జ్వరం ఎంతుందో చెయ్యి పెట్టకుండనే చెప్పే చూపు. "నేను ఒక్కదాన్నే రాను. పుష్పమ్మ ఊకుంటదా? మిగతావోళ్ళు?"

"ఎనమండుగురూ. పోయేటప్పుడు పిలుచుకుంట పోదం."

"మస్తు లొల్లి అయితది."

"కానియ్యి."

ఆమె లోపటికి పోయి తలుపు దగ్గరకేసుకుంది. చీర మార్చుకుంటున్నదో, ఊరికె నిలబడ్డదో తెల్వదు.  జేబుల ఫోన్ రెండుసార్లు వణికింది. రికార్డింగ్ ఎక్కడ అని అడుగుతుండొచ్చు. తీసి చూడలేదు. 

బయట గోడ పక్కన అమ్మ చెప్పులు ఉన్నయి, ఇంట్లకు వచ్చిన మనిషి విడిచినట్టే, గుమ్మం వైపు తిరిగి. నేను వంగి, రెండూ చేతుల్లోకి తీసుకొని, గల్లీ వైపు తిప్పి పెట్టిన.